ఆట ఆపే అధికారం ఎవరిది?

బడి పిల్లల ఆటల పోటీల్లో రిఫరీ పని ఏమిటని అడిగితే మనలో చాలామంది గెలుపోటములు తేల్చడమే అంటాం. ఫౌల్ ఇవ్వడం, పాయింట్ ప్రకటించడం, గొడవపడితే కార్డు చూపించడం, చివర్లో స్కోర్ షీట్ మీద సంతకం పెట్టడం. ఇవన్నీ నిజమే. కానీ వీటికంటే ముందు చేయాల్సిన పని ఇంకొకటుంది. ఈ మైదానంలో, ఈ వాతావరణంలో, ఈ సామాన్లతో పిల్లల్ని ఆడించవచ్చా లేదా అని చూడడం, ఆడించకూడదనిపిస్తే ఆట ఆపేయడం. మన పోటీల్లో ఈ పని ఎవరిదో స్పష్టంగా ఉండదు. రిఫరీ చూసుకుంటాడని నిర్వాహకులు అనుకుంటారు. అది నిర్వాహకుల బాధ్యత కదా అని రిఫరీ అనుకుంటాడు. ఇద్దరూ చూసుకుంటున్నారన్న నమ్మకంతో తల్లిదండ్రులు పిల్లల్ని పంపిస్తారు. నేను చెప్పదలచుకున్నది సూటిగా చెప్పేస్తాను. ప్రమాదం ఉందని రిఫరీ ఆట ఆపితే ఆ మాటే ఆఖరిమాట కావాలి. దాన్ని తిరగదోడే అధికారం ప్రధానోపాధ్యాయుడికీ, మండల విద్యాధికారికీ, వేదిక మీద కూర్చున్న ముఖ్య అతిథికీ ఉండకూడదు.

ఈ మాట ఎందుకంటున్నానో చెప్పడానికి ఒక సంఘటన చాలు. 2019 అక్టోబర్ 4న కేరళలోని కొట్టాయం జిల్లా పాలాలో రాష్ట్ర జూనియర్ అథ్లెటిక్స్ పోటీలు జరుగుతున్నాయి. ఒకే మైదానంలో, ఒకే సమయంలో జావెలిన్ త్రో, హ్యామర్ త్రో రెండూ పెట్టారు. ప్లస్ వన్, అంటే పదకొండో తరగతి చదువుతున్న ఒక కుర్రాడు ఆ రోజు అక్కడ వాలంటీరు. విసిరిన జావెలిన్లు ఏరి తేవడం అతని పని. అలా మైదానంలోకి వెళ్లినప్పుడు అటునుంచి వచ్చిన హ్యామర్ తలకు తగిలింది. పదిహేడు రోజులు ఆస్పత్రిలో ఉండి 21వ తేదీన చనిపోయాడు. అక్కడ ఏం జరిగి ఉంటుందో కాస్త దగ్గరగా చూద్దాం. జావెలిన్లు ఏరే పిల్లవాడి కళ్లు జావెలిన్ విసిరేవాళ్ల మీదే ఉంటాయి. ఉండాలి కూడా, ఎందుకంటే తన మీదికి వచ్చేది అదేనని అతనికి చెప్పి ఉంటారు. పక్కనుంచి ఇంకొకటి వస్తుందని అతను అనుకోడు. ఇక హ్యామర్ విసిరేవాళ్ల సంగతి. తీగ చివర ఇనుప గుండు పట్టుకుని, మైదానానికి వీపు పెట్టి మొదలుపెట్టి, వలయంలో గిరగిరా తిరిగి వదిలేస్తారు. ఆ తిరుగుడులో గుండు పడాల్సిన సెక్టార్‌లోకి ఎవరు అడుగుపెట్టారో వాళ్లకు కనపడదు. చేతిలోంచి జారాక గుండును ఆపడం ఎవరి తరమూ కాదు. ఏరే పిల్లవాడు విసిరేవాళ్లను చూడడు, విసిరేవాళ్లు ఏరే పిల్లవాణ్ణి చూడలేరు. ఇద్దర్నీ చూడగలిగేది, జెండా ఎత్తి ఆపగలిగేది పక్కన నిలబడ్డ అఫీషియల్స్ మాత్రమే. అసలు రెండు త్రోలూ ఒకేసారి వద్దు, ఒకటి ముగిశాక రెండోది పెడదాం అని పొద్దున్నే చెప్పగలిగిందీ వాళ్లే. ఆ తర్వాత పోటీల బాధ్యత చూసిన అఫీషియల్స్ మీద పోలీసులు కేసు పెట్టారు. పొద్దున ఎవరూ గుర్తుచేయని అధికారం, ప్రాణం మీదికి వచ్చాక బాధ్యతగా మారి వాళ్ల మెడకు చుట్టుకుంది.

ఇలాంటిది ఒక్కచోటే జరిగింది కాదు. 2022 డిసెంబర్‌లో ఒడిశాలోని బలాంగిర్ జిల్లాలో ఒక బడి వార్షిక క్రీడోత్సవంలో జావెలిన్ వచ్చి తొమ్మిదో తరగతి విద్యార్థి మెడలో దిగింది. ఆ పిల్లవాడు అదృష్టంకొద్దీ బతికాడు. 2023 సెప్టెంబర్‌లో మహారాష్ట్రలోని రాయగఢ్ జిల్లాలో తాలూకా పోటీల కోసం సాధన చేస్తుండగా జావెలిన్ తగిలి ఒక విద్యార్థి చనిపోయాడు. వీటిలో కొత్తరకం ప్రమాదమంటూ ఏదీ లేదు. ప్రపంచ అథ్లెటిక్స్ నిబంధనలు ఇలాంటివాటిని ఎప్పుడో ఊహించి రాసిపెట్టాయి. హ్యామర్‌ను చుట్టూ వల ఉన్న కేజ్ లోపలినుంచే విసరాలి. పోటీకి ముందు వేసే ట్రయల్స్ కూడా జడ్జీల పర్యవేక్షణలోనే జరగాలి. విసిరిన సాధనాన్ని నడిచి మోసుకురావాలే తప్ప వెనక్కి విసరకూడదు. పరిస్థితులు బాగాలేవనుకుంటే పోటీ స్థలాన్నే మార్చే అధికారం రిఫరీకి ఉంది. మన హైస్కూళ్ల గ్రౌండ్లు చూసినవాళ్లకు ఈ నాలుగూ ఎక్కడెక్కడ తప్పుతున్నాయో నేను వేరే చెప్పక్కర్లేదు. కేజ్ లేని గ్రౌండ్లో హ్యామర్ పెట్టడమే తప్పు. పెట్టాక మిగతా మూడూ మరింత కఠినంగా పాటించాలి.

నిజానికి అధికారం కొత్తగా పుట్టించాల్సిన పని లేదు, పుస్తకాల్లో ఎప్పటినుంచో ఉంది. క్రికెట్ చట్టాల్లో రెండోది చూడండి. నేల, వాతావరణం, వెలుతురు ఆటకు ప్రమాదకరంగా ఉన్నాయా అన్నది కేవలం అంపైర్లిద్దరూ కలిసి తేల్చాల్సిన విషయమని అందులో ఉంది. ఆటగాళ్లకు గాని అంపైర్లకు గాని నిజంగా ఉన్న, ముందే ఊహించదగిన అపాయాన్నే ప్రమాదం అంటారని నిర్వచనం కూడా ఇచ్చింది. ఫుట్‌బాల్ ఐదో నియమం ప్రకారం రిఫరీ ఆటను ఆపవచ్చు, కొంతసేపు నిలిపి ఉంచవచ్చు, పూర్తిగా రద్దు కూడా చేయవచ్చు. గోల్‌పోస్టులు నేలలో గట్టిగా పాతుకుని ఉండాలని మొదటి నియమం అంటుంది. మన కబడ్డీలోనూ అంతే. ఆటగాళ్ల గోళ్లు కత్తిరించి ఉన్నాయా, ఒంటిమీద గొలుసులూ ఉంగరాలూ ఉన్నాయా, ఒంటికి నూనె రాసుకున్నారా అని చూడాల్సింది ఆట నడిపే అఫీషియల్సే. గోరు పొడవును చూసే హక్కున్న మనిషికి కోర్టు పక్కన పాతిన ఇనుప మేకు తీయించే హక్కు లేదంటే ఎవరైనా ఒప్పుకుంటారా?

మరి పుస్తకంలో ఉన్న అధికారం గ్రౌండ్లోకి ఎందుకు రావడం లేదు? కారణం మనిషిలో కాదు, అతన్ని నిలబెట్టిన చోటులో ఉంది. మండల, జిల్లా స్థాయి బడి పోటీల్లో విజిల్ పట్టేది ఎక్కువగా మన వ్యాయామ ఉపాధ్యాయులే, అంటే పీఈటీలూ పీడీలూ. పక్క ఊరి బడి నుంచి డ్యూటీ వేస్తే వస్తారు. పోటీలు నిర్వహించేది వాళ్ల పై అధికారులు, లేదా ఆ అధికారులు చెప్పిన కమిటీ. గ్రౌండ్ ఇచ్చింది ఒక ప్రధానోపాధ్యాయుడు. భోజనాలు పెట్టించింది ఊళ్లో ఒక దాత. ప్రారంభించడానికి వచ్చేది ప్రజాప్రతినిధి. ఆయన వచ్చేసరికి ఆలస్యమైతే పొద్దున ఎనిమిదికి మొదలవాల్సిన ఆట పదకొండున్నరకు మొదలవుతుంది. సాయంత్రంలోపు ఫైనల్స్ అయిపోవాలి, బహుమతులు ఇచ్చేయాలి. ఆ హడావుడిలో ఖోఖో కోర్టు మీదుగా షామియానా తాడు వెళుతోందని ఒక పీఈటీ గమనించాడనుకోండి. లేదా వాలీబాల్ కోర్టు చివర గతుకు పూడ్చకుండా వదిలేశారని చూశాడనుకోండి. అది సరిచేసేదాకా ఆట మొదలుపెట్టనని అనడానికి అతనికి ఎంత ధైర్యం కావాలి? తన జీతం బిల్లు మీద సంతకం పెట్టేవాళ్ల ముఖాన ఆ మాట చెప్పాలి. చాలామంది మంచివాళ్లు కూడా అలాంటప్పుడు తాడును కాస్త పక్కకు లాగి, పిల్లలకు జాగ్రత్త చెప్పి విజిల్ ఊదేస్తారు. వాళ్లను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. అధికారం ఉన్నా వాడితే ఒంటరైపోయే పరిస్థితి కల్పించిన మనల్ని మనమే తప్పుపట్టుకోవాలి.

అందుకే నేననేది, ఈ అధికారం ఒకవైపుకే పనిచేసేలా రాసిపెట్టాలి. ఆపడానికి ఒక్కరి మాట చాలాలి. రిఫరీ ఆపితే ఆగిపోయినట్టే. మళ్లీ మొదలుపెట్టడానికి మాత్రం రిఫరీ ఒప్పుకోవాలి. ఎవరెంత ఒత్తిడి చేసినా అతని అంగీకారం లేకుండా ఆట మొదలవకూడదు. ఎందుకంటే రెండు పొరపాట్ల ఖరీదు ఒకటి కాదు. అక్కర్లేకుండా ఆపితే పోయేది ఒక పూట. ఆపాల్సినప్పుడు ఆపకపోతే పోయేది ఒక పిల్లవాడి చెయ్యో, కన్నో, ప్రాణమో. తప్పు ఎటు జరిగినా నష్టం సమానమైతే అధికారాన్ని ఇద్దరికీ సమానంగా పంచవచ్చు. ఇక్కడ నష్టాలకు పోలికే లేదు. కాబట్టి అధికారమూ ఆపే వైపే మొగ్గి ఉండాలి.

అయితే రిఫరీకే ఎందుకు, కోచ్‌కు ఇవ్వకూడదా, ఆటగాళ్లనే అడగకూడదా అనవచ్చు. ప్రపంచంలో క్రీడలు నడిచిన దారి చూస్తే దీనికి జవాబు దొరుకుతుంది. క్రికెట్‌లో చాలాకాలం వెలుతురు తగ్గితే ఆడతారా, లోపలికి వెళతారా అని అంపైర్లు బ్యాటర్లను అడిగేవారు. గెలిచే అవకాశం ఉన్నవాళ్లు మసక చీకట్లోనూ ఆడతామనేవారు, ఓడిపోయేవాళ్లు కాస్త మబ్బు పట్టినా వెళ్లిపోయేవారు. 2010లో చట్టం మార్చి ఆ ఎంపికను బ్యాటర్ల దగ్గరనుంచి తీసేశారు. ప్రమాదకరమా కాదా అని అంపైర్లే తేల్చాలన్నారు. అమెరికాలో ఇంతకంటే బరువైన ఉదాహరణ ఉంది. 2006లో వాషింగ్టన్ రాష్ట్రంలో పదమూడేళ్ల బాలుడు అమెరికన్ ఫుట్‌బాల్ ఆడుతూ తలకు దెబ్బ తగిలించుకున్నాడు. కాసేపు కూర్చుని మళ్లీ ఆటలోకి దిగాడు. ఆట ముగిశాక కుప్పకూలాడు, మెదడులో రక్తస్రావమై జీవితాంతం ఉండే వైకల్యం మిగిలింది. అతని పేరిట 2009లో ఆ రాష్ట్రం చట్టం చేసింది. తలకు దెబ్బ తగిలిందన్న అనుమానం వస్తే పిల్లవాణ్ణి వెంటనే బయటికి పంపాలి, వైద్య నిపుణులు రాసిచ్చేదాకా ఆడించకూడదు. 2014 నాటికి అక్కడి యాభై రాష్ట్రాలూ అలాంటి చట్టాలు చేసుకున్నాయి. హైస్కూలు క్రీడలకు నిబంధనలు రాసే జాతీయ సమాఖ్య 2010 నుంచే తలకు దెబ్బ తగిలిన లక్షణాలు కనిపించిన పిల్లవాణ్ణి బయటికి పంపే పనిని మ్యాచ్ అఫీషియల్స్ మీదా పెట్టింది. క్రికెట్‌లోనూ అమెరికా బడుల్లోనూ జరిగింది ఒకటే. గెలవాలన్న తహతహ ఉన్నవాళ్ల చేతుల్లోంచి ఆ నిర్ణయం తీసి, ఫలితంతో పనిలేనివాళ్ల చేతుల్లో పెట్టారు. ఆడే పిల్లవాడు బాగానే ఉన్నానంటాడు, ఎందుకంటే వాడికి ఆడాలని ఉంటుంది. కోచ్ కూడా ఆడగలడనే అంటాడు, బెంచి మీద ఇంకెవరూ లేరు మరి. గ్రౌండ్ మధ్యలో ఉండి ఎవరు గెలిచినా ఒకటే అనుకోవాల్సిన మనిషి రిఫరీ ఒక్కడే.

ఇక మన తెలుగు నేలకు సంబంధించి నాకు ఎక్కువ భయం కలిగించేది పిడుగు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022లో దేశంలో పిడుగుపాటుకు 2,887 మంది చనిపోయారు. 2018 ఏప్రిల్ 24న ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే పదమూడు గంటల్లో 36,749 మెరుపులు నమోదయ్యాయి. బడి పోటీలు ఎక్కువగా వానాకాలంలో, వానలు వెనుదిరిగే నెలల్లో జరుగుతాయి. మధ్యాహ్నం దాకా మండిన ఎండ మూడింటికల్లా మబ్బై ఉరుముతుంది. వర్షం మొదలైతే ఆపుదాం అంటారు గ్రౌండ్లో. పిడుగు వర్షం కోసం ఆగదు. వాన పడే చోటికి పది కిలోమీటర్ల దూరంలోనూ పడగలదు. ఉరుము చెవికి వినిపించిందంటే అప్పటికే పిడుగు అందుకునే దూరంలో మనం ఉన్నట్టే. బయలు మైదానంలో నిలబడ్డ పిల్లలకు, ఇనుప గోల్‌పోస్టుకు, గ్రౌండ్ అంచున ఉన్న ఒంటరి వేపచెట్టుకు తేడా చూడదది. అందుకే అమెరికా బడుల్లో ఉరుము వినిపించినా, మెరుపు కనిపించినా వెంటనే ఆట ఆపి అందర్నీ పక్కా భవనంలోకి పంపుతారు. చివరి ఉరుము తర్వాత ముప్పై నిమిషాలు గడిచాకే తిరిగి మొదలుపెడతారు. మధ్యలో ఇంకో ఉరుము వినిపిస్తే లెక్క మళ్లీ మొదటినుంచి. 2024 నవంబర్ 3న పెరూలోని చిల్కాలో ఒక ఫుట్‌బాల్ మ్యాచ్‌ను తుఫాను వస్తోందని రిఫరీ ఆపాడు. ఆటగాళ్లు బయటికి నడుస్తుండగానే పిడుగు పడి ఒకరు చనిపోయారు. అక్కడ రిఫరీ అధికారం వాడలేదని ఎవరూ అనలేరు. వాడాల్సిన నిమిషం కొంచెం ముందుండాలి. ఆ నిమిషాన్ని ముందుకు జరపాలంటే రిఫరీకి ఎవరినీ అడగాల్సిన పని ఉండకూడదు. మొదటి ఉరుముకే విజిల్ ఊదితే ఎవరూ నవ్వరని అతనికి ముందే తెలియాలి.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. రిఫరీ ఇంజనీరు కాదు, డాక్టరు కాదు, వాతావరణ శాస్త్రవేత్తా కాదు. స్తంభం లోపల తుప్పు పట్టిందో లేదో అతనికెలా తెలుస్తుంది? 2021 మార్చి 22న సూర్యాపేటలో జాతీయ జూనియర్ కబడ్డీ పోటీల్లో ప్రేక్షకుల కోసం తాత్కాలికంగా కట్టిన గ్యాలరీ కూలి వందమందికి పైగా గాయపడ్డారు. కబడ్డీ రిఫరీకి గ్యాలరీ బలం ఎలా తెలుస్తుంది? అతను ఆటను చూడాలా, జనాన్ని చూడాలా? ఈ ప్రశ్నలు న్యాయమైనవే. గ్యాలరీ బలాన్ని లెక్కకట్టాల్సింది ఇంజనీరే, ఆ సర్టిఫికెట్ తేవాల్సింది నిర్వాహకులే. రిఫరీ పని ఆ కాగితం ఉందా అని అడగడం. లేకపోతే ఆట మొదలుపెట్టకపోవడం. ఇందుకు ఇంజనీరింగ్ డిగ్రీ అక్కర్లేదు. 2025 నవంబర్‌లో హర్యానాలోని రోహ్‌తక్ జిల్లాలో బాస్కెట్‌బాల్ స్తంభం మీద పడి జాతీయస్థాయి ఆటగాడైన పదహారేళ్ల బాలుడు చనిపోయాడు. అది సాధన సమయం, అక్కడ రిఫరీ లేడు. కానీ అలాంటి స్తంభాల కిందే రేపు మ్యాచ్ కూడా జరుగుతుంది. ఆట మొదలయ్యే ముందు స్తంభాన్ని రెండు చేతులా పట్టుకుని ఊపి చూడటానికి, ఊగితే ఆపడానికి ఎవరికీ శాస్త్రజ్ఞానం కావాలనుకోను. అతనికి కనిపించేదానికే అతను బాధ్యుడు, కనిపించనిదానికి కాగితం ఇచ్చినవాళ్లు బాధ్యులు. ఈ గీత ముందే గీసుకుంటే రిఫరీ మీద మోయలేని బరువు పడదు. అతని చూపు కోర్టు గీత దగ్గర ఆగిపోకుండా ఉండడానికీ ఇదే దారి. మంచినీళ్లు ఉన్నాయా, ఫస్ట్ ఎయిడ్ పెట్టె తెరిచి ఉందా, 108 అంబులెన్స్ గ్రౌండ్లోకి రాగలిగే దారిలో కార్లు పెట్టారా అని ఆట మొదలవకముందే ఒకసారి తిరిగి చూడాలి.

మరో అభ్యంతరం దుర్వినియోగం గురించి. ఓడిపోతున్న జట్టును కాపాడటానికి రిఫరీ మబ్బు సాకు చూపించి ఆపేస్తే? జరగవచ్చు. ఏ అధికారాన్నయినా చెడగొట్టేవాళ్లు ఉంటారు. అయితే ఆపిన ప్రతిసారీ ఎన్ని గంటలకు, ఏ కారణంతో, ఎవరు చూస్తుండగా ఆపారో స్కోర్ షీట్ వెనక రాసి సంతకం పెట్టిస్తే చాలావరకు అదుపులో ఉంటుంది. క్రికెట్ చట్టం ఇందులో మనకు మార్గం చూపుతుంది. గడ్డి తడిగా ఉంది, బంతి జారుతోంది అన్నంతమాత్రాన మైదానం ప్రమాదకరమని తేల్చడానికి వీల్లేదని అందులో స్పష్టంగా ఉంది. ఏది ఇబ్బంది, ఏది ప్రమాదం అన్నది ఇలా ఆటవారీగా రాసుకోవాలి. ఆగిన స్కోరు దగ్గరనుంచే ఆట కొనసాగుతుందని నియమం పెడితే సగం దురాశ అక్కడే అణిగిపోతుంది. రిఫరీ నిర్ణయం తప్పని తర్వాత తేలితే చర్య తీసుకోండి, వచ్చే ఏడాది డ్యూటీ వేయకండి. కానీ ఆ నిమిషంలో గ్రౌండ్లోకి వచ్చి ఆట మొదలుపెట్టమని చెప్పే హక్కు మాత్రం ఎవరికీ ఇవ్వకండి.

అన్నిటికన్నా బరువైన ప్రశ్న బాధ్యత గురించి. ఇంత అధికారం ఇస్తే ఏదైనా జరిగినప్పుడు రిఫరీనే జైల్లో పెట్టరా, అప్పుడు విజిల్ పట్టడానికి ఎవరొస్తారు? ఇది ఊహాజనితమైన భయం కాదు. పాలా సంఘటన ఉంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే గరిష్ఠంగా ఐదేళ్ల శిక్ష ఉంది. పాత శిక్షాస్మృతిలో అది రెండేళ్లు. రిఫరీ బాధ్యత ఎంతవరకు అన్న ప్రశ్నను ఇంగ్లండ్ కోర్టులు లోతుగా చూశాయి. 1991 అక్టోబర్‌లో అక్కడ పంతొమ్మిదేళ్లలోపువారి రగ్బీ మ్యాచ్‌లో పదిహేడేళ్ల ఆటగాడి మెడ విరిగింది. రెండు జట్ల ముందు వరసలు తలలు ఆనించి తోసుకునే స్క్రమ్ అక్కడ కూలిపోయింది. అంతకుముందే అదే మ్యాచ్‌లో ఇరవైకి పైగా స్క్రమ్‌లు అలా కూలాయి. గీత దగ్గర ఉన్న టచ్ జడ్జి హెచ్చరించాడు కూడా. ఆ వయసువాళ్ల రక్షణ కోసం స్క్రమ్‌ను ఎలా కలపాలో రాసిన నియమాన్ని రిఫరీ పాటింపజేయలేదు. 1996లో కోర్టు రిఫరీని బాధ్యుణ్ణి చేసింది, అప్పీలు కోర్టూ దాన్ని సమర్థించింది. అయితే ఆ అప్పీలు కోర్టే ఇంకో మాట కూడా చెప్పింది. వేగంగా సాగే ఆటలో కళ్లెదుట జరిగేది అంచనా వేయడంలో వచ్చే పొరపాట్లకు రిఫరీని బాధ్యుణ్ణి చేయడం కుదరదు, బాధ్యత నిర్ణయించే గీత చాలా ఎత్తులో ఉండాలి అంది. ఫుట్‌బాల్ ఐదో నియమమైతే మైదానం, వాతావరణం ఆటకు అనుకూలమా కాదా అని తీసుకున్న నిర్ణయానికి, మ్యాచ్ రద్దు చేసినందుకు రిఫరీని బాధ్యుణ్ణి చేయకూడదని తన పుస్తకంలోనే రాసుకుంది.

వీటినుంచి నేను తీసుకునేది ఇది. అధికారం ఇవ్వకపోతే రిఫరీ క్షేమంగా ఉంటాడన్నది భ్రమ. ఇప్పుడు మన పీఈటీకి ఆపే స్వేచ్ఛ లేదు, కానీ ప్రమాదం జరిగితే కేసు మాత్రం అతని పేరు మీదే వస్తుంది. ఉన్న పరిస్థితుల్లో అన్నిటికంటే అన్యాయమైనది ఇదే. అధికారం కాగితం మీద అతనిదైతే, దాన్ని నిజాయితీగా వాడినవాడికి శాఖ అండగా ఉంటుందని అదే కాగితంలో రాస్తే, అప్పుడు కోర్టు కూడా అడగాల్సిన ప్రశ్న మారుతుంది. ప్రమాదం కనిపించిందా, ఆపాడా, ఆపితే అడ్డుపడిందెవరు అని అడగాలి. అడ్డుపడ్డవాళ్ల పేరు రికార్డులో ఉంటుందని తెలిస్తే అడ్డుపడేవాళ్లు తగ్గుతారు.

దెబ్బలు తగలకుండా ఆటలేమిటి, ఇలాగైతే పిల్లలు సుకుమారులైపోతారు అనే పెద్దలు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. వాళ్ల మాటలో కొంత నిజం ఉంది. కబడ్డీలో మోకాలు చీరుకుపోతుంది, పరుగులో పడతారు, అది ఆటలో భాగమే. పిల్లలు ఒప్పుకుని దిగిన కష్టం అది. కాని కేజ్ లేని చోటునుంచి వచ్చే ఇనుప గుండుకు, తుప్పు పట్టిన స్తంభానికి పిల్లలెవరూ ఒప్పుకోలేదు. అవి ఆటలో భాగం కావు, పెద్దల నిర్లక్ష్యంలో భాగం. అలాంటివాటిని తట్టుకోవడం పిల్లల ధైర్యానికి పరీక్ష అనడం నాకు చాలా తప్పుగా తోస్తుంది. ఇక షెడ్యూలు చెదిరిపోతుందన్న బాధ గురించి. దూరం ఊళ్లనుంచి బస్సుల్లో వచ్చిన పిల్లలు, రాత్రికి తిరిగి వెళ్లాల్సిన ఆడపిల్లలు, ఒక్కరోజుకే మంజూరైన భోజనం డబ్బులు, ఇవన్నీ నిజమైన ఇబ్బందులు. అందుకే పోటీల పట్టిక వేసేటప్పుడే ఒక పూట ఖాళీ ఉంచాలి, ఆ పూట భోజనానికీ బస్సుకూ డబ్బు లెక్కలో వేయాలి. ఇందుకు అయ్యే ఖర్చు బహుమతి ప్రదానోత్సవానికి వేసే వేదిక ఖర్చుకంటే ఎక్కువ కాదని నా నమ్మకం.

ఈ కార్యక్రమం వింటున్న జిల్లా విద్యాధికారులకు, స్కూల్ గేమ్స్ సమాఖ్య కార్యదర్శులకు నా విన్నపం ఒక్కటే. ఈ ఏడాది పోటీల డ్యూటీ ఉత్తర్వుల్లో ఒక పేరా కలపండి. ప్రమాదం అనిపిస్తే ఆట ఆపే అధికారం రిఫరీదేనని, అతను ఒప్పుకునేదాకా మొదలుపెట్టకూడదని, అందుకు అతని మీద ఎలాంటి చర్యా ఉండదని అందులో రాయండి. ఆ పేరాను ప్రారంభోత్సవంలో ముఖ్య అతిథి ముందే మైకులో చదివించండి. తల్లిదండ్రులూ, మీ పిల్లవాడు గెలిచే మ్యాచ్‌ను ఉరుము వినిపించిందని ఎవరైనా ఆపితే, దయచేసి ఆయనతో వాదించకండి. పిల్లల్ని తీసుకుని బడి వరండాలోకి కాదు, తలుపులున్న గదిలోకి వెళ్లండి.